బందీల బేరం

విశాఖ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మా తరానికి గార్డెన్ రీచ్ అంటే ఊరు కాదు, అధికారం. ఎవరి ప్రమోషన్ ఆగినా గార్డెన్ రీచ్‌లోనే ఆగేది. ఎవరికి బదిలీ అయినా కాయితం గార్డెన్ రీచ్ నుంచే దిగేది. ‘‘అది ఇక్కడ తేలదమ్మా, గార్డెన్ రీచ్ తేల్చాలి’’ అని నాన్న అన్నాక ఇంట్లో ఇక ఆ సంగతి మీద మాటలుండేవి కావు. వాల్తేరు డివిజను 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వేలోకి మారేదాకా ఆగ్నేయ రైల్వేలో ఉండేది. దాని ప్రధాన కార్యాలయం కలకత్తాకి నైరుతి మూలన, హుగ్లీ ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్‌లో. అంతకుముందు అది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ‘బీఎన్నార్’ పనికి పోయినవాళ్లు ఖరగ్‌పూర్‌ని సగం తెలుగు ఊరు చేశారు. కొందరు ఇంకాస్త ముందుకెళ్లి గార్డెన్ రీచ్ కాలనీల్లో కుదురుకున్నారు.

ఆ పేరు వెనక ఒక నది ఉందని మాకు తట్టేదే కాదు. రీచ్ అంటే నది మలుపుకీ మలుపుకీ మధ్య సాఫీగా సాగే భాగం. కంపెనీ దొరలు ఆ ఒడ్డున తోట బంగళాలు కట్టుకున్నారు కాబట్టి గార్డెన్ రీచ్. అవతలి ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. ఇవతల ఖిదిర్‌పూర్ డాకులు, ఓడలు కట్టే కర్మాగారం, ఆ వెనక మటియాబుర్జ్ దర్జీల గల్లీలు. ఇప్పుడు తోటలు కనపడవు. లారీలు, కుట్టుమిషన్ల చప్పుడు, క్రేన్లు.

ఈ ఒడ్డు బందీల్ని ఎరుగును. 1856లో అవధ్ రాజ్యం పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా ఇక్కడే దిగాడు. మరుసటేడు సిపాయిలు తిరగబడ్డారు. ఆయనకి ఆ తిరుగుబాటుతో సంబంధముందని ఏ కోర్టూ తేల్చలేదు, అసలు విచారణే జరగలేదు. అయినా 1857 జూన్‌లో పట్టుకెళ్లి ఫోర్ట్ విలియంలో పెట్టారు. రెండేళ్లకి పైగా ఉంచి వదిలారు. తిరిగొచ్చి మటియాబుర్జ్‌లో ఒక చిన్న లక్నోని కట్టుకుని 1887లో అక్కడే కన్నుమూశాడు. బందీని ఎందుకు పట్టారో, ఎందుకు వదిలారో చెప్పాల్సిన పని పట్టుకున్నవాడికి లేదన్నది ఈ నదికి అప్పుడే తెలుసు.

ఈ కథనం ఆ నవాబు గురించి కాదు. ఇదే ఒడ్డు నుంచి బయల్దేరి వెనక్కి రాని రెండు పడవల గురించి, వాటిలో ఒకదాని ఇంజన్ రూములో పనిచేసిన మనిషి గురించి, అతనికి జరిగినదానికి ఎవరో ఒకరు సైనిక కోర్టులో నిలబడి జవాబు చెప్పాల్సి ఉండి చెప్పకపోవడం గురించి.

మోదుగ పువ్వు పేరు

1971. తూర్పు పాకిస్తాన్‌లో మార్చి 25 రాత్రి మొదలైన సైనిక చర్యని తప్పించుకుని లక్షలమంది సరిహద్దు దాటుతున్నారు. పాకిస్తాన్ నౌకాదళంలో పనిచేస్తున్న బెంగాలీలు కూడా నౌకల్నీ స్థావరాల్నీ వదిలి వచ్చేశారు. ముక్తి బాహినికి సైనికులు ఉన్నారు, నావికులు ఉన్నారు, ఓడ లేదు. కలకత్తా పోర్ట్ ట్రస్ట్ రెండు పడవలిచ్చింది. అవి యుద్ధానికి పుట్టినవి కావు, రేవు పనికి పుట్టినవి. వాటి మీద 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు బిగించారు. నీటిలో మందుపాతరలు వదిలే ఏర్పాటు చేశారు. అక్టోబరులో గార్డెన్ రీచ్ జెట్టీ దగ్గర వాటికి కొత్త పేర్లు పెట్టి నీళ్లలోకి పంపారు: పద్మ, పలాశ్. పద్మ బంగ్లా నది పేరు. పలాశ్ అంటే మన మోదుగ పువ్వే.

బంగ్లాదేశ్ నౌకాదళానికి తొలి యుద్ధ పడవలు అవే. నడిపే అధికారులు భారత నౌకాదళం వాళ్లు, పడవ పనంతా పాకిస్తాన్ నౌకల్లో చేయి తిరిగిన బెంగాలీ నావికులది. పలాశ్ ఇంజన్ రూము పెద్ద రుహుల్ అమీన్. నోవాఖాలీ జిల్లావాడు. 1953లో పాకిస్తాన్ నౌకాదళంలో చేరి ఆర్టిఫిసర్ అయ్యాడు, అంటే యంత్రాల పనిలో ఆరితేరిన నావికుడు. చిట్టగాంగ్ స్థావరం నుంచి తప్పించుకుని త్రిపుర చేరాడు. కొన్నాళ్లు నేల మీద పోరాడాడు. నావికులందర్నీ కలకత్తాకి పిలిచినప్పుడు వచ్చి, తన చేతికి తెలిసిన పనిలోకి దిగాడు.

నవంబరులో ఈ రెండూ మోంగ్లా రేవు దారిలో మందుపాతరలు పరిచాయి. డిసెంబరు 3న పూర్తి యుద్ధం మొదలయ్యాక వీటిని భారత నౌక పన్వేల్‌తో జతచేసి ఫోర్స్ ఆల్ఫా అన్నారు. నాయకుడు కమాండర్ ఎం.ఎన్. సామంత్. తూర్పు నౌకాదళ కమాండ్ అంతా మన విశాఖ నుంచి నడుస్తున్న రోజులవి. వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ అక్కడే ఉన్నారు, అక్కడి సముద్రం అడుగునే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పడి ఉంది. విశాఖవాళ్లం ఘాజీ కథ నూరుసార్లు చెప్పుకుంటాం, సినిమా కూడా తీసుకున్నాం. పద్మ, పలాశ్‌ల సంగతి మాత్రం మన దగ్గర ఎవరూ ఎత్తరు. ఎందుకు ఎత్తరో వినండి.

డిసెంబరు 10 ఉదయం దళం మోంగ్లా చేరింది. అక్కడ అడ్డు లేదు. పైకి ఖుల్నా వైపు కదిలింది. మధ్యాహ్నానికి ఖుల్నా షిప్‌యార్డ్ దగ్గర పడుతుండగా తలల మీద విమానాలు కనిపించాయి. అవి మన విమానాలే, కాల్చొద్దన్నారు సామంత్. నిజంగానే అవి భారత వాయుసేన విమానాలు. తమవాళ్లు గుర్తుపట్టాలని పడవల పైభాగాలకి పసుపు రంగు కూడా పూశారు. అయినా విమానాలు దిగి దాడి చేశాయి. మొదట పద్మ, తర్వాత పలాశ్. వాటిని ముంచింది శత్రువు కాదు.

పలాశ్ మీద అందర్నీ నీళ్లలోకి దూకమని ఆజ్ఞ అయింది. రుహుల్ అమీన్ ఇంజన్ రూము వదల్లేదు. పడవని నిలబెట్టుకోవాలని చివరిదాకా చూశాడు. మంటలంటుకున్నాక, గాయాలతో, రూప్సా నదిలోకి దూకి ఒడ్డుకి ఈదాడు. ఒడ్డున రజాకార్లు కాచుకుని ఉన్నారు. బాయినెట్లతో పొడిచి చంపారు.

చేతిలో ఆయుధం లేదు. కింద పడవ లేదు. ఒంటి మీద కాలిన గాయాలున్నాయి. 1949 జెనీవా ఒడంబడికల్లో రెండోది ఇలాంటివాడి కోసమే రాశారు: సముద్రం మీద గాయపడినవాళ్లు, ఓడ మునిగి నీళ్లపాలైనవాళ్లు. అతణ్ణి పట్టుకున్నవాడు రక్షించాలి. ఒడ్డెక్కితే యుద్ధఖైదీ, అప్పుడు మూడో ఒడంబడిక వర్తిస్తుంది. పాకిస్తాన్ ఈ ఒడంబడికల్ని 1951లోనే ఆమోదించింది.

పేరు ఒకటే, ఊళ్లు వేరు

రజాకార్ అన్న మాట వినగానే తెలంగాణ పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది. అది మన 1948. ఖాసిం రజ్వీ దళాలు, కాలిన ఊళ్లు, చేతులు నరికి చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్. తూర్పు బెంగాల్ రజాకార్లకీ వాళ్లకీ సంస్థాగతంగా సంబంధం లేదు. ‘స్వచ్ఛంద సేవకుడు’ అనే అర్థమున్న ఆ ఉర్దూ మాటని 1971లో పాకిస్తాన్ సైన్యం స్థానిక సాయుధ దళానికి తగిలించింది. పోలిక ఉందల్లా ఒక్క చోట. రెండు చోట్లా, ఆ దళం చేసిన పనికి బాధ్యుడెవరు అని అడిగితే పైవాడు కిందవాణ్ణి చూపిస్తాడు, కిందవాడు పారిపోయి ఉంటాడు. రజ్వీ ఒక దోపిడీ కేసులో శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

తూర్పు బెంగాల్లో బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకి కాయితం మీద జవాబు ఉంది. 1971 సెప్టెంబరులో పాకిస్తాన్ ప్రభుత్వం రజాకార్లని సైనిక చట్టం పరిధిలోకి తెచ్చింది. అంటే వాళ్లు ఊరి గూండాలు కారు, చట్టం కళ్లకి సైనికులు. రూప్సా ఒడ్డున బందీని పొడిచినవాణ్ణి కోర్టు మార్షల్ చేయాల్సిన బాధ్యత, అధికారం రెండూ అక్కడి పాకిస్తానీ అధికారివి. కానీ ఆ సైన్యం అధికారిక భాషలో ముక్తి బాహిని సైనికులు సైనికులే కారు, దుండగులు. దుండగుణ్ణి పట్టుకుంటే యుద్ధఖైదీ కాడు. ఒక్క పదం మార్చితే చాలు, మొత్తం ఒడంబడిక పక్కకి పోతుంది. ఇది ఒక్క పాకిస్తాన్ కనిపెట్టిన విద్య కాదనుకోండి. తిరుగుబాట్లని అణిచే ప్రతి ప్రభుత్వం దగ్గరా ఇలాంటి పదకోశం ఒకటి ఉంటుంది.

వారం తిరిగేసరికి, డిసెంబరు 17న, ఖుల్నా దండు లొంగిపోయింది. ముందురోజు ఢాకాలో జనరల్ నియాజీ సంతకం పెట్టాడు. ఆ లొంగుబాటు పత్రంలోనే ఒక హామీ ఉంది: లొంగినవాళ్లని జెనీవా ఒడంబడికల ప్రకారం సైనికుడికి తగిన గౌరవంతో చూస్తామని. డిసెంబరు 20న నియాజీని కలకత్తాకి విమానంలో తెచ్చి ఫోర్ట్ విలియంలో ఉంచారు. వాజిద్ అలీ షాని ఉంచిన అదే కోటలో. అక్కణ్ణుంచి గార్డెన్ రీచ్ జెట్టీ కొద్ది దూరమే.

ఢాకా స్టేడియం

ఇక్కడ మన పక్షంవాళ్ల సంగతి దాచితే ఈ కథనం కాస్తా ప్రచారపత్రం అవుతుంది. లొంగుబాటు జరిగిన రెండు రోజులకి, డిసెంబరు 18న, ఢాకా స్టేడియం దగ్గర సభ పెట్టిన ఖాదర్ సిద్దికీ గెరిల్లా దళం పట్టుబడ్డ కొందర్ని చేతులు కట్టి, హింసించి, బాయినెట్లతో పొడిచి చంపింది. రహస్యంగా కాదు, జనం చూస్తుండగా, విదేశీ ఫొటోగ్రాఫర్ల కెమెరాల ముందు. హార్స్ట్ ఫాస్, మిషెల్ లోరాన్ తీసిన ఆ ఫొటోలకి 1972లో పులిట్జర్ బహుమతి వచ్చింది. బందీల్ని చంపినవాళ్ల ముఖాలు ఇంత స్పష్టంగా దొరికిన సందర్భం ఆ యుద్ధంలో మరోటి లేదేమో. దాని మీద ఏ సైనిక న్యాయస్థానమూ కూర్చోలేదు. దళనాయకుడికి కొత్త దేశం బీర్ ఉత్తమ్ పురస్కారం ఇచ్చింది. రుహుల్ అమీన్‌కి దానికంటే పెద్దది, బీర్ శ్రేష్ఠ, మరణానంతరం ఇచ్చింది. ఆ గౌరవం దక్కిన ఏడుగురిలో అతనొకడు.

రెండు బాయినెట్లనీ ఒకే తక్కెడలో వేసి సమానం అనడం నా ఉద్దేశం కాదు. తొమ్మిది నెలలపాటు ఒక రాజ్యం తన పౌరుల మీద నడిపిన మారణకాండ వేరు, గెలిచిన వారం రోజుల్లో రగిలిన పగ వేరు. కానీ చేతులు కట్టి ఉన్నవాడికి ఆ తేడా తెలియదు. చట్టం కూడా ఆ తేడా చూడకూడదనే రాశారు.

కలకత్తా ఒకసారి ముద్దాయి వైపు నిలబడింది

బందీల్ని హింసించిన సైనికుడి కేసు కలకత్తాకి కొత్త కాదు. పాతికేళ్ల ముందు ఇలాంటి కేసు మీదే ఆ నగరం రోడ్డెక్కింది. అయితే బాధితుల కోసం కాదు.

1945లో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల మీద జరిగిన కోర్టు మార్షల్ అందరికీ తెలుసు. దేశం భగ్గుమంది, శిక్షలు రద్దయ్యాయి. దాంతో బ్రిటిష్ ప్రభుత్వం తెలివిగా ఒక అడుగు వెనక్కేసింది. ఇక రాజు మీద యుద్ధం చేశారన్న అభియోగం కాదు, క్రూరంగా ప్రవర్తించినవాళ్ల మీదే కేసులన్నది. అలా వచ్చిన కేసు కెప్టెన్ అబ్దుల్ రషీద్ అలీది. జపాన్ చేతికి చిక్కిన భారతీయ సైనికుల్లో ఆజాద్ హింద్ ఫౌజులో చేరబోమన్నవాళ్లని అతను హింసించాడన్నది అభియోగం. కోర్టు మార్షల్ ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది. ఆలోచిస్తే, సైన్యం తన చరిత్రలో వేసిన శిక్షల్లో ఇది న్యాయానికి బాగా దగ్గరగా ఉన్నదే. దెబ్బలు తిన్నవాళ్లూ భారతీయులే.

1946 ఫిబ్రవరి 11న కలకత్తా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ముస్లిం లీగ్ జెండా, కాంగ్రెస్ జెండా, ఎర్రజెండా ఒకే ఊరేగింపులో నడిచాయి. ట్రాములు ఆగాయి, మిల్లులు ఆగాయి, లారీలు తగలబడ్డాయి. సైన్యం దిగింది. మూడు రోజుల్లో 84 మంది చనిపోయారని సర్కారీ లెక్క. బెంగాలీలు దాన్ని ఇప్పటికీ రషీద్ అలీ దినం అంటారు. జపాన్ బందీగా ఉండి దెబ్బలు తిన్న సిపాయి పేరు ఒక్కటి ఎవరికైనా గుర్తుందా? లేదు. కుర్చీలో కూర్చున్నవాడు తెల్లవాడు కాబట్టి, బోనులో నిలబడ్డవాడు వీరుడయ్యాడు. ఆ జనాన్ని తప్పుపట్టలేను. జలియన్‌వాలాబాగ్‌కి జవాబు చెప్పని ప్రభుత్వం క్రూరత్వం గురించి తీర్పులిస్తుంటే ఎవరు వింటారు?

అదే నగరపు హైకోర్టు న్యాయమూర్తి రాధావినోద్ పాల్ రెండేళ్ల తర్వాత టోక్యో ట్రిబ్యునల్లో ఇదే మాటని ఇంకో చోట అన్నారు. విజేత ఓడినవాణ్ణి విచారించడం న్యాయం అనిపించుకోదని, ముద్దాయిలందర్నీ వదిలేయాలని విడిగా సుదీర్ఘ తీర్పు రాశారు. బందీల పట్ల జపాన్ సైన్యం చేసిన ఘోరాలు అబద్ధమని ఆయన అనలేదు. ఆ ఘోరాలు చేసినవాళ్లకి వేరే కోర్టుల్లో శిక్షలు పడ్డాయి, బోనులో ఉన్న ఈ పెద్దలే ఆజ్ఞాపించారని రుజువు కాలేదు అన్నారు. జపాన్‌లో ఆయనకి స్మారకాలున్నాయి. ఆయన వాదనలో సగమే పట్టుకుని ఊరేగించేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

195

మళ్లీ 1971కి. భారత్ చేతిలో సుమారు 93,000 మంది బందీలు, పౌరులతో కలిపి. శిబిరాలు, తిండి, ఉత్తరాలు, రెడ్ క్రాస్ తనిఖీలు. నియాజీని జబల్‌పూర్ పంపారు. బంగ్లాదేశ్ తన పౌరుల మీద నేరాలు చేసినవాళ్లని తనకి అప్పగించమంది. మొదట్లో వందల మంది, వేల మంది అన్నారు. సాక్ష్యాలు వడపోసి, జాబితా చెక్కి చెక్కి, 1973 ఏప్రిల్ 17న ఒక అంకె ప్రకటించారు: 195. జాతి నిర్మూలన, యుద్ధ నేరాలు, మానవత్వం మీద నేరాలు, హత్య, అత్యాచారం, జెనీవా ఒడంబడికల ఉల్లంఘన. ఢాకాలో ప్రత్యేక ట్రిబ్యునల్ పెడతాం, నురెంబర్గ్ తరహాలో విచారిస్తాం అన్నారు. జులైలో దానికోసం రాజ్యాంగాన్ని సవరించారు, అంతర్జాతీయ నేరాల చట్టం చేశారు. రాసినవాళ్లు గట్టివాళ్లే. ఆ చట్టం సైన్యాన్నీ, సైన్యానికి తోడున్న సహాయక దళాల్నీ కలిపి చెప్పింది. అంటే రూప్సా ఒడ్డున నిలబడ్డ రజాకారు కూడా దానిలోకి వస్తాడు.

పాకిస్తాన్ ఊరుకోలేదు. అప్పటికి సుమారు నాలుగు లక్షల మంది బెంగాలీలు పాకిస్తాన్‌లో చిక్కుకుని ఉన్నారు. ఉద్యోగులు, సైనికులు, వాళ్ల భార్యాపిల్లలు. భుట్టో ప్రభుత్వం వాళ్లలో 203 మందిని గూఢచర్యం కేసు పెట్టి విచారిస్తానంది. నువ్వు 195 అంటే నేను 203. ఈ అంకెలు చూస్తే పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం గుర్తొస్తుంది. 1973 మే 11న పాకిస్తాన్ హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానానికి కూడా వెళ్లింది, తన సైనికుల్ని విచారించే హక్కు తనకే ఉందంటూ. భారత్ ఆ కోర్టు పరిధిని ఒప్పుకోలేదు. ఇంకో పక్క బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితిలో చేరబోతే 1972 ఆగస్టులో చైనా వీటో వేసింది.

భారత్‌కి కూడా తొందరగానే ఉంది. మూడో జెనీవా ఒడంబడిక 118వ అధికరణం, కాల్పులు ఆగాక ఆలస్యం చేయకుండా ఖైదీల్ని పంపెయ్యమంటుంది. ఏడాదిన్నర దాటిపోయింది. ఇంకెంత కాలం? 1973 ఆగస్టు 28న ఢిల్లీలో పి.ఎన్. హక్సర్, అజీజ్ అహ్మద్ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. బెంగాలీలు బంగ్లాదేశ్‌కి, పాకిస్తానీ ఖైదీలు పాకిస్తాన్‌కి. ఆ 195 మంది మాత్రం ఆగాలి. రైళ్లు కదిలాయి. డిసెంబరులో హేగ్ కేసుని పాకిస్తాన్ వెనక్కి తీసుకుంది. కేసు గెలవడం కోసం వేయలేదు కదా.

1974 ఫిబ్రవరి 22న పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ని గుర్తించింది. ఏప్రిల్ 9న ఢిల్లీలో కమాల్ హొస్సేన్, స్వరణ్ సింగ్, అజీజ్ అహ్మద్ ముగ్గురూ కూర్చుని మిగిలిన ముడి విప్పేశారు. నేరాలేమైనా జరిగి ఉంటే వాటిని ఖండిస్తున్నామని, చింతిస్తున్నామని పాకిస్తాన్ అంది. గతాన్ని మరిచి క్షమించమని బంగ్లాదేశ్ ప్రజలకి పాకిస్తాన్ ప్రధాని చేసిన విజ్ఞప్తిని దృష్టిలో పెట్టుకుని, దయతో విచారణలు మానుకుంటున్నామని బంగ్లాదేశ్ అంది. ఆ 195 మందీ వెళ్లిపోయారు. చివరగా ఏప్రిల్ 30న నియాజీ వాఘా దాటాడు. సెప్టెంబరులో బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితి సభ్యదేశమైంది.

బంగ్లాదేశ్ ప్రధాని ముజీబ్‌ని తప్పుపట్టడం తేలిక. పాకిస్తాన్‌లో చిక్కుకున్న తన మనుషుల్ని తెచ్చుకోవాలా, చనిపోయినవాళ్ల తరఫున కోర్టు పెట్టాలా అన్న ఎంపికలో నేనైనా బతికున్నవాళ్లనే ఎంచుకుంటాను. నా అభ్యంతరం వేరు. విచారణని బేరసారాల బల్ల మీద పెట్టింది మొదట ఎవరైనా సరే, ఒకసారి పెట్టాక అది ఇక విచారణ కాదు, సరుకు. ఆ సరుకు ధర రుహుల్ అమీన్ భార్యాపిల్లల్ని అడిగి కట్టలేదు.

అటువైపు ఫైలు

దయతో వదిలేశామని బంగ్లాదేశ్ అంటే, మేమే విచారిస్తామన్నది అంతకుముందు పాకిస్తాన్ వాదన. హేగ్‌లో చెప్పింది అదే. మరి విచారించారా?

పాకిస్తాన్ తన ప్రధాన న్యాయమూర్తి హమూదుర్ రహ్మాన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. అది 1972లో ఒక నివేదిక, ఖైదీలు తిరిగొచ్చాక వాళ్లని విచారించి 1974లో అనుబంధ నివేదిక ఇచ్చింది. ఈ కమిషన్ని తేలిగ్గా తీసేయలేం. సొంత అధికారుల నోటే చెప్పించింది. కొమిల్లా కంటోన్మెంట్‌లో మార్చి చివర 17 మంది బెంగాలీ అధికారుల్ని, 915 మంది సైనికుల్ని ఒక్క అధికారి వేలి సైగతో చంపేశారని ఒక పాకిస్తానీ లెఫ్టినెంట్ కల్నల్ సాక్ష్యం ఇచ్చాడు. నిన్నటిదాకా అదే సైన్యంలో, అదే మెస్‌లో కూర్చుని తిన్నవాళ్లు. బందీలకంటే కూడా దగ్గరివాళ్లు. జనరల్ యాహ్యా ఖాన్‌నీ, మరికొందరు జనరల్స్‌నీ బహిరంగంగా విచారించాలని, నియాజీనీ ఇతరుల్నీ కోర్టు మార్షల్ చేయాలని, దురాగతాల ఆరోపణల మీద ఉన్నతస్థాయి విచారణ పెట్టాలని కమిషన్ సిఫార్సు చేసింది.

ఏ ఒక్కరినీ కోర్టు మార్షల్ చేయలేదు. నివేదిక బీరువాలోకి వెళ్లింది. 2000 ఆగస్టులో ఒక భారతీయ పత్రిక దాన్ని బయటపెట్టాక గానీ, అదే ఏడాది చివర్లో పాకిస్తాన్ ప్రభుత్వం దాన్ని అధికారికంగా విడుదల చేయలేదు. సైన్యం తన లోపలి మురికిని తానే కడుక్కుంటుంది, బయటివాళ్లకి పనిలేదు అనే మాట వినబడ్డప్పుడల్లా నాకు ఈ బీరువా గుర్తొస్తుంది.

ఆ బీరువా మనకి దూరం కాదు. 2010 ఏప్రిల్లో కశ్మీర్లోని మచిల్ దగ్గర ముగ్గురు పల్లె యువకుల్ని చంపి, సరిహద్దు దాటొచ్చిన ఉగ్రవాదులని చూపించారు. మన సైన్యం కోర్టు మార్షల్ జరిపి 2014లో ఐదుగురికి యావజ్జీవం వేసింది. అరుదైన తీర్పు. 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షల అమలుని నిలిపేసి బెయిలిచ్చింది. చనిపోయినవాళ్లు శత్రువులు కారు, వాళ్లకి శత్రువు పేరు తగిలించారు. పేరు మారిస్తే ఏమవుతుందో పైన చూశాం కదా.

ఇంకో ముఖం కార్గిల్. 1999 మేలో గస్తీకి వెళ్లి పాకిస్తాన్ సైన్యానికి చిక్కిన కెప్టెన్ సౌరభ్ కాలియా, అతనితో ఉన్న ఐదుగురి శవాలు మూడు వారాలకి వెనక్కి వచ్చాయి, ఒళ్లంతా చిత్రహింసల గుర్తులతో. తండ్రి ఢిల్లీ చుట్టూ తిరిగి తిరిగి, 2012లో సుప్రీంకోర్టు గడప ఎక్కారు. అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లమని అడిగితే సర్కారు చెప్పే చిక్కు పాతదే. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప ఆ కోర్టు వినదు. 1973లో హేగ్‌లో మనం చెప్పిందీ ఇలాంటిదే. ఆనాడు పాకిస్తాన్ని ఆపడానికి వాడిన తలుపు మన ముఖం మీద కూడా మూసుకుంది.

చట్టం బతికే ఉంది

ఢాకాలో 1973 చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. బోను ఉంది, నిలబడాల్సినవాళ్లు లేరు. 2010లో షేక్ హసీనా ప్రభుత్వం దాన్ని దుమ్ము దులిపి ట్రిబ్యునల్ పెట్టింది. పాకిస్తానీ అధికారులు అందనంత దూరంలో ఉన్నారు. కాబట్టి వాళ్లతో చేతులు కలిపిన స్థానికులు బోనెక్కారు. 2013 డిసెంబరు 12న అబ్దుల్ ఖాదర్ మొల్లాని ఉరి తీశారు. మొదట అతనికి యావజ్జీవం పడితే, అది చాలదని యువకులు షాబాగ్ చౌరస్తాలో కూర్చున్నారు. ప్రాసిక్యూషన్ అప్పీలు చేసుకునేలా చట్టం మార్చారు, ఆ మార్పు వెనకటి తీర్పుకి కూడా వర్తించేలా రాశారు. చట్టం తెలిసినవాళ్లు ముఖం చిట్లించారు. 195 మంది విదేశీ సైనికుల కోసం రాసిన చట్టం కింద ఒక్క విదేశీ సైనికుడు కూడా బోనెక్కలేదు. 2025 నవంబరులో అదే ట్రిబ్యునల్ షేక్ హసీనాకే, ఆమె దేశంలో లేకుండానే, మరణశిక్ష వేసింది. ఆ కేసు వేరు, ఆ సంగతులు వేరు.

రూప్సా ఒడ్డున రుహుల్ అమీన్ సమాధి ఉంది. నౌకలకి అతని పేరు పెట్టారు. పొడిచినవాడి పేరు ఏ కాయితంలోనూ లేదు.

గార్డెన్ రీచ్‌లో ఓడల కర్మాగారం ఇప్పుడు క్షిపణి నౌకలు కడుతోంది. స్వతంత్ర భారతం సొంతంగా కట్టుకున్న మొదటి యుద్ధనౌక ఇక్కడిదే, 1961 నాటి ఐఎన్ఎస్ అజయ్. దాన్ని తర్వాత బంగ్లాదేశ్‌కి ఇచ్చేశాం. మునిగిపోయిన పడవలకి బదులుగా అనుకోవచ్చేమో, అలాగని ఎవరూ అనలేదు. సుర్మా అని పేరు మార్చుకుని అది ఆ దేశానికి చేరింది 1974లో. ఆ 195 మంది ఇళ్లకి చేరిన ఏడాదే.